కంప్యూటరు మేలుకొనే వేళ: బూట్ లోడరు అమరిక, చికిత్స

విద్యుత్తు మీట నొక్కిన క్షణాన కంప్యూటరుకు ఏమీ తెలియదు. దాని తాత్కాలిక స్మృతి శూన్యంగా ఉంటుంది. దానిని నడిపించవలసిన నిర్వహణ వ్యవస్థ డిస్కులో నిద్రిస్తూ ఉంటుంది. డిస్కును చదవాలంటే ఒక ప్రోగ్రాము కావాలి. ఆ ప్రోగ్రామేమో డిస్కులోనే ఉన్నది! ఈ చిక్కుముడిని విప్పే చిన్న ప్రోగ్రామునే బూట్ లోడరు అంటారు. సంస్కృత నాటకంలో సూత్రధారుడు ముందుగా రంగం మీదికి వచ్చి, ప్రస్తావన ముగించి నిష్క్రమించినట్లే, ఇదికూడా నిర్వహణ వ్యవస్థను స్మృతిలోనికి తెచ్చి, పగ్గాలు దానికి అప్పగించి తప్పుకుంటుంది. సూత్రధారుడు రాని నాడు నాటకమే లేదు.

టొరంటో నగరానికి ఈ సమస్యతో పాత పరిచయమే. 1952లో టొరంటో విశ్వవిద్యాలయానికి వచ్చిన ఫెరట్ యంత్రానికి ఆదేశాలను రంధ్రాలు పొడిచిన కాగితపు పట్టీ ద్వారా అందించేవారు. 1973లో ఈ నగరంలోనే వెలుగు చూసిన ఎం.సి.ఎం.-70 అనే చిన్న కంప్యూటరు మరొక దారి తొక్కింది. ఏ.పి.ఎల్. భాషను చెరగని స్మృతిలోనే శాశ్వతంగా ముద్రించడం వలన, మీట నొక్కగానే అది పనికి సిద్ధమయ్యేది. డిస్కులు పెరిగి, నిర్వహణ వ్యవస్థలు పెద్దవై, ఒకే యంత్రంలో రెండేసి వ్యవస్థలు కాపురం చేయడం మొదలైన తరువాతనే బూట్ లోడరు సామాన్య గృహస్థుకు తలనొప్పిగా పరిణమించింది.

స్కార్‌బరో ఇళ్ళలో ఆ తలనొప్పి ఇప్పుడు మళ్ళీ తలెత్తడానికి కారణమున్నది. 2025 అక్టోబరు 14తో విండోస్-10కు సాధారణ మద్దతు ముగిసింది. చాలా పాత యంత్రాలను విండోస్-11 అంగీకరించదు. బేస్‌మెంటులో బీరువా పక్కన ఉన్న కంప్యూటరును పారవేయడానికి మనసొప్పని వారు దానిలో లైనక్స్‌ను కూడా స్థాపించుకుంటున్నారు. ఆలోచన మంచిదే. కానీ ఆ డిస్కులోనే ఊళ్ళో జరిగిన పెళ్ళి ఫోటోలు, పన్నుల కాగితాలు, కళాశాలలో చదివే పిల్లల అభ్యాసాలు ఉంటాయి. బూట్ లోడరు చెడితే అవి పోవు. చెడినదానిని సరిచేయబోయి తొందరలో డిస్కును ఫార్మాట్ చేస్తే మాత్రం పోతాయి. కనుక విలువైన దస్త్రాల ప్రతిని వేరొక డిస్కులో దాచిన తరువాతనే ఏ ప్రయోగానికైనా పూనుకోవాలి.

పాత పద్ధతిలో బూట్ లోడరు తొలి భాగం డిస్కు మొట్టమొదటి సెక్టారులో నివసించేది. ఆ సెక్టారు మొత్తం 512 బైట్లు. అందులో 446 బైట్లు ప్రోగ్రాముకు, 64 డిస్కు విభాగాల పట్టికకు, చివరి 2 గుర్తుకు. ఇంత ఇరుకు గదిలో పూర్తి ప్రోగ్రాము పట్టదు గనుక, అది తన రెండవ భాగాన్ని పిలిచే పని మాత్రమే చేసేది. 1990లలో లైనక్స్ వాడుకరులకు సుపరిచితమైన లైలో ఈ దశలను ముచ్చటగా చూపేది. తన ఆంగ్ల నామంలోని నాలుగు అక్షరాలను ఒక్కొక్క దశ దాటినప్పుడు ఒక్కొక్కటిగా తెర మీద వ్రాసేది. ఒక్క అక్షరం దగ్గరే ఆగితే రెండవ భాగం దొరకలేదని, రెండు అక్షరాల దగ్గర ఆగితే అది దొరికినా నడవలేదని అర్థం. అక్షరాలు లెక్కపెట్టి రోగనిర్ణయం చేయగలగడం ఎంత సౌకర్యం! నేటి నల్లని తెరలకు ఆ మర్యాద లేదు. అయితే లైలో డిస్కు మీది చిరునామాలను మాత్రమే గుర్తుంచుకొనేది; కెర్నెల్ మారిన ప్రతిసారీ దానిని తిరిగి స్థాపించవలసి వచ్చేది. దాని అభివృద్ధి 2015లో ఆగిపోయింది.

దాని స్థానాన్ని ఆక్రమించిన గ్రబ్, డిస్కులోని దస్త్రాలను పేర్లతో వెతుక్కోగలదు. కొత్త యంత్రాలలో బయాస్‌కు బదులుగా యు.ఇ.ఎఫ్.ఐ. ఉంటుంది, బూట్ లోడర్లన్నీ ఒక ప్రత్యేక విభాగంలో మామూలు దస్త్రాలుగా ఉంటాయి, వాటిలో ఎవరిది ముందు అన్న వరుస మదర్‌బోర్డు స్మృతిలో ఉంటుంది. ఈ తేడా తెలిస్తే సగం సమస్యలు తీరినట్లే. విండోస్ నవీకరణ తరువాత లైనక్స్ మాయమైనదని కంగారు పడేవారి యంత్రాలలో తరచుగా జరిగేది వరుస మారడమే. యంత్రం మొదలయ్యేటప్పుడు ఎఫ్-2 గాని, ఎఫ్-12 గాని, తయారీదారు నిర్ణయించిన మరొక మీట గాని నొక్కి, వరుసను తిరిగి మారిస్తే చాలును.

గ్రబ్ అమరికలను నేరుగా దాని జాబితాలో దిద్దరాదు. డిఫాల్ట్ అనే డైరెక్టరీలోని గ్రబ్ దస్త్రంలో ఎన్ని క్షణాలు వేచి ఉండాలో, ఏ వ్యవస్థను ముందు ఎంచుకోవాలో వ్రాసి, అప్‌డేట్-గ్రబ్ అనే ఆదేశమిస్తే జాబితా తనంత తానే తయారవుతుంది. జాబితాలో విండోస్ కనిపించకపోతే బెంబేలు పడనక్కరలేదు. 2021లో వచ్చిన 2.06 రూపాంతరం నుండి ఇతర వ్యవస్థలను వెతికే సౌకర్యాన్ని గ్రబ్ రూపకర్తలు భద్రత కోసం సహజంగా నిలిపివేశారు. అదే దస్త్రంలో ఒక పంక్తి చేర్చి దానిని మేల్కొల్పవచ్చును.

అసలు భయం పుట్టించేది 'గ్రబ్ రెస్క్యూ' అన్న రెండు మాటలతో తెర ఆగిపోవడం. గ్రబ్ తొలి భాగం నడిచింది గాని, మిగిలిన భాగాలున్న విభాగం దానికి కనబడలేదని దీని భావం. విభాగాలను చెరిపినప్పుడు, వాటి సంఖ్యలు మారినప్పుడు ఇలా జరుగుతుంది. అక్కడ ఎల్-ఎస్ అని టైపు చేస్తే విభాగాల పేర్లు వస్తాయి. ఒక్కొక్కదానిని తెరిచి చూస్తూ, బూట్ డైరెక్టరీ ఉన్నదానిని గుర్తించాలి. డిస్కులను సున్న నుండి, విభాగాలను ఒకటి నుండి లెక్కించడం గ్రబ్ ఆచారం. పొరపాట్లు ఎక్కువగా ఇక్కడే జరుగుతాయి. ఆ విభాగాన్ని రూట్‌గాను, దానిలోని గ్రబ్ డైరెక్టరీని ప్రిఫిక్స్‌గాను సెట్ చేసి, ఇన్స్‌మాడ్ ద్వారా నార్మల్ అనే భాగాన్ని స్మృతిలోనికి తెచ్చి, నార్మల్ అని ఆదేశిస్తే పరిచితమైన జాబితా ప్రత్యక్షమవుతుంది. ఇది ఆ పూటకు ఉపశమనం మాత్రమే. లైనక్స్ లోనికి ప్రవేశించి గ్రబ్-ఇన్‌స్టాల్, అప్‌డేట్-గ్రబ్ ఆదేశాలు ఇవ్వకపోతే మరునాడు కథ మొదటికి వస్తుంది. లైనక్స్ విభాగాన్నే చెరిపివేసిన వారికి ఈ ప్రయాస అవసరం లేదు. కొత్త యంత్రమైతే వరుసలో విండోస్ బూట్ మేనేజరును ముందుకు తెచ్చుకోవచ్చును.

తప్పు వాడుకరిది కాకుండానే యంత్రం మొరాయించిన ఉదాహరణ కూడా ఒకటి ఉన్నది. 2024 ఆగస్టు 13న వచ్చిన విండోస్ నవీకరణ, లోపాలున్న పాత బూట్ లోడర్లను నిషేధించే జాబితాను యంత్రాలలో చేర్చింది. రెండు వ్యవస్థలున్న యంత్రాలను అది తాకకూడదని ఉద్దేశం. కానీ కొన్నింటిని అది గుర్తించలేకపోయింది. ఆ యంత్రాలలో లైనక్స్‌ను ఎంచుకోగానే భద్రతా నియమ ఉల్లంఘన అన్న సందేశం వచ్చి యంత్రం ఆగిపోయింది. దీనికి చికిత్స: యు.ఇ.ఎఫ్.ఐ. అమరికలలో సెక్యూర్ బూట్‌ను తాత్కాలికంగా ఆపాలి. లైనక్స్‌లో మోక్‌యుటిల్ ద్వారా ఆ నిషేధ జాబితాను తొలగించాలి. లైనక్స్‌ను మళ్ళీ ఒకసారి తెరిచి, బూట్ లోడరు నవీకరణలను తీసుకోవాలి. చివరకు సెక్యూర్ బూట్‌ను తిరిగి నెలకొల్పాలి.

ఇక్కడ ఒక గొయ్యి ఉన్నది. విండోస్ డిస్కు బిట్‌లాకర్‌తో గూఢీకరింపబడి ఉంటే, సెక్యూర్ బూట్‌ను ఆపిన తరువాత విండోస్ తెరవబోయినప్పుడు అది 48 అంకెల పునరుద్ధరణ సంకేతాన్ని అడగవచ్చును. అది లేనివారికి ఆ డిస్కులోని పెళ్ళి ఫోటోలు తాళం పోయిన ఇనప్పెట్టెలోని నగలతో సమానం. కొన్ని యంత్రాలలో గూఢీకరణ యజమానికి తెలియకుండానే మొదలై ఉంటుంది. సంకేతం చాలావరకు మైక్రోసాఫ్ట్ ఖాతాలో భద్రపడి ఉంటుంది. దానిని ముందే వెతికి, కాగితం మీద వ్రాసి, ఆ కాగితాన్ని కంప్యూటరు సంచిలో కాక వేరొక చోట ఉంచిన తరువాతనే స్క్రూడ్రైవరుకైనా, కీబోర్డుకైనా చేయి చాపాలి.