పునాది దగ్గరే ఆపాలి

చిరంజీవి అబ్బాయికి,



మట్టిగోడల ఇల్లు కడుతున్నావని అన్నయ్య చెప్పాడు. ఎంత సంతోషమేసిందో! ఎలుకలు తొలిచేస్తాయని ఊళ్లోవాళ్లు బెదరగొడుతున్నారట. ఆ భయం ఉత్తదేమీ కాదు. అయితే బాగా తొక్కిన మట్టితో, వరుస వరుసా ఆరనిచ్చి పెట్టిన గోడను ఎలుక ఊరికే తొలవదు. దానికి కావలసింది బోలు, చాటు, తిండి. అవి లేకుండా చూడడం ఇప్పుడైతే తేలిక, గోడ లేచాక కష్టం.

అన్నిటికన్నా ముందు పునాది. పందికొక్కు నేలలోంచే వస్తుంది. పాత ఇళ్లల్లో రాళ్ల మధ్య మట్టి పెట్టి కట్టేవాళ్లు కదా, అది ఆ మట్టిని తోడేసి లోపలికి దారి చేసుకునేది. గచ్చు కుంగిపోయేదాకా ఎవరికీ తెలిసేది కాదు. నువ్వు మాత్రం రాళ్లను సున్నంతోనో సిమెంటుతోనో కట్టించు. నేలకు అడుగున్నర ఎత్తు తీసుకొచ్చి, గోడ మందమంతా నాపరాళ్లు పరిపించు. అతుకులు ఖాళీ లేకుండా సిమెంటు నింపాలి. మొదటి మట్టి వరుస ఆ బండల మీదే పడాలి. ఆ రాయి దొరికే బేతంచెర్ల మనకు దగ్గరే, కొరత లేదు. వాన చినుకులు చింది గోడ అడుగు కరిగిపోవడం కూడా ఈ ఎత్తుతోనే తగ్గుతుంది.

గదుల్లో నింపే మట్టిలో రాళ్లూ పెంకులూ పోసి వదిలేయనీకు. అర అడుగుకొకసారి నీళ్లు చల్లి దిమ్మిస కొట్టించు. వదులుగా ఉన్న చోటే పందికొక్కు కాపురం పెడుతుంది. పునాది చుట్టూ బయట జీఐ జాలీ అడుగున్నర లోతుకు దింపి, కింది అంచును అడుగు మేర బయటికి వంచి పూడ్చమను. జాలీ కన్ను 6 మిల్లీమీటర్లకు మించకూడదు, అంతకు కాస్త పెద్ద సందైనా చిట్టెలుకకు చాలు.

తర్వాత చూరు. దూలాలూ వాసాలూ గోడమీద ఆనే చోట సందులు మిగులుతాయి, మేస్త్రీలు వాటిని పట్టించుకోరు. గాలి ఆడాలంటే జాలీ కొట్టించు, అక్కర్లేని చోట సున్నపు ముద్దతో మూయించు. కరెంటు పైపులు, నీళ్ల గొట్టాలు గోడ దాటే చోటా అంతే. చెట్టు కొమ్మలు కప్పును తాకకూడదు.

మట్టిలో కలిపే వరిగడ్డిని దులిపి చూడు. కంకులూ గింజలూ ఉంటే వాసనకు ఎలుకలు వస్తాయి. వడ్లు, వేరుశనగ ఇనప డ్రమ్ముల్లో పెట్టు, కట్టెలమోపు గోడకు ఆనించకు.

ఇక ఎలుకల మందు సంగతి. దయచేసి పెట్టొద్దు. బ్రోమాడియోలోన్ తిన్న ఎలుకను తింటే గుడ్లగూబా పోవచ్చు, పిల్లీ పోవచ్చు. నీ చేను చుట్టూ ఎలుకల్ని తగ్గించేవి అవే. కప్పులోనో సందులోనో చచ్చిన ఎలుక కంపు ఎన్నాళ్లు ఉంటుందో నీకు చెప్పక్కర్లేదు. బోను చాలు. ఎక్కడైనా కన్నం కనిపిస్తే ఒట్టి మట్టితో పూడ్చకు, ఎలుకల ముందుపళ్లు బతికినన్నాళ్లూ పెరుగుతూనే ఉంటాయి, మర్నాటికి మళ్లీ తవ్వేస్తాయి. జాలీ ముక్క నలిపి దూర్చి, పైన సున్నం, ఇసుక కలిపి మెత్తు.

నాపరాళ్ల ఖర్చు దండగని మేస్త్రీ అనొచ్చు. ఆ ఒక్క విషయంలో వినకు. డబ్బు చాలకపోతే అరుగు తర్వాత కట్టుకోవచ్చు, నాకు ఫోన్ చెయ్యి.

మీ బాబాయి