సభకు ముందు జరుగు పని: ఆస్టిన్ నగరపు అనుభవము

పంచాయతీ సమావేశమునకు వచ్చు విషయములు రెండు తెరగులు. నోటీసుతోపాటు ముందుగా తెలిసి, సభ్యులు ఆలోచించుకొని వచ్చు విషయములు కొన్ని. సంతకములు చేయు వేళకు ఫైలులోనుండి బయటపడు విషయములు మరికొన్ని. ఈ రెండవ తెగకు చెందిన వానిపై సరియైన చర్చ జరుగుట అరుదని సభ్యులెరుగుదురు. పైపులైను మరమ్మతునకు ఎంత, వీధిదీపములకు ఎంత అని అడుగబోవునంతలో తీర్మానము వ్రాయబడియే యుండును. ఏ విషయము అజెండాలోనికి ఎక్కవలెను, ఏది ఆగవలెను, దానికి సంబంధించిన లెక్కలు సభ్యులకు ఎప్పుడు అందవలెను అను ప్రశ్నలకు సమాధానము చెప్పువారి చేతిలోనే సభ చాలవరకు ఉన్నదనవచ్చును.

ఈ పనిని ఒక పెద్ద నగరమున ఎట్లు నడుపుచున్నారో తెలిసికొనుట మనకు ఉపయోగకరము. అందులకు అమెరికాలోని టెక్సస్ రాష్ట్రమునకు రాజధానియగు ఆస్టిన్ నగరమును ఉదాహరణముగా గైకొనుచున్నాము. ఆ ప్రాంతమున తెలుగు కుటుంబములు పెక్కు కాపురమున్నవి గాని, మేము దానిని ఎన్నుకొనుటకు కారణమది కాదు. సభకు ముందు జరుగు సన్నాహమువలని మేలును, అదే సన్నాహము చాటున జరిగినపుడు కలుగు చిక్కును ఆ నగరము రెండింటిని చవిచూచినది.

2020 జనాభా లెక్కల ప్రకారము ఆస్టిన్ జనసంఖ్య 9,61,855. నగర కౌన్సిలులో పదునొకండుగురు కలరు. మేయరును నగరమంతయు ఎన్నుకొనును. తక్కిన పదిమందిని పది విభాగముల ఓటర్లు ఎన్నుకొందురు. ఈ ఏర్పాటు 2015 జనవరినుండి అమలులోనికి వచ్చినది. అంతకుముందు మేయరుతో కలిసి ఏడుగురే యుండిరి. ఏడుగురిని నగరమంతయు ఎన్నుకొనుచుండెను. విధానములు, బడ్జెటు నిర్ణయించుట కౌన్సిలు పని. అమలు జరుపుట సిటీ మేనేజరు పని. మన మునిసిపాలిటీలలో కమిషనరును రాష్ట్ర ప్రభుత్వము నియమించును. అచ్చట మేనేజరును నియమించుటకును, తొలగించుటకును కౌన్సిలునకే అధికారము.

విద్యుచ్ఛక్తి, మంచినీరు ఆ నగరము తన సొంత సంస్థలద్వారా సరఫరా చేయుచున్నది. కావున కాంట్రాక్టులు, కొనుగోళ్లు, భూవినియోగపు మార్పులు మొదలగునవి కలిసి ఒక్కొక్క సభకు పదుల సంఖ్యలో విషయములు వచ్చును. నూరు దాటిన సందర్భములును కలవు. ఇన్నింటిని ఒక దినమున ఎట్లు తెముల్చుదురు?

ముందుగా ఆయా శాఖలవారు తమ విషయమును వ్రాసి, ఖర్చు ఎంత, సొమ్ము ఏ పద్దునుండి వచ్చును అను వివరములు జతపరుతురు. న్యాయశాఖవారు, ఆర్థికశాఖవారు చూచిన పిమ్మట అది మేనేజరు కార్యాలయము ద్వారా అజెండాలోనికి వచ్చును. కౌన్సిలు సభ్యుడు తానుగా ఒక విషయమును తేదలచినచో, మరికొందరు సభ్యులను సహప్రతిపాదకులుగా చేర్చుకొనును. అజెండా ప్రకటింపబడిన తరువాత సభ్యులు తమ సందేహములను వ్రాతమూలకముగా పంపుదురు. ఈ గుత్తేదారునకే ఏల ఇచ్చుచున్నారు, వెనుకటి ధర ఎంత, ఈ పని ఏ విభాగమున జరుగును అని అడుగుదురు. సిబ్బంది వ్రాసిన సమాధానములు ఆ ప్రశ్నలతోసహా సభకు ముందే ప్రజలకు కూడ ప్రకటింపబడును. మా దృష్టిలో ఆ నగరపు పద్ధతులలో మిక్కిలి మెచ్చదగినది ఇదియే. ఒక సభ్యుడు అడిగిన ప్రశ్నకు వచ్చిన జవాబు పదిమంది సభ్యులకును, పన్ను చెల్లించు గృహస్థునకును ఒకే వేళ అందుచున్నది. సభలో అడిగిన ప్రశ్నకు తడుముకొనుచు చెప్పు జవాబునకును, రెండుదినముల ముందు లెక్క చూచి వ్రాసిన జవాబునకును గల వ్యత్యాసము చెప్పనక్కరలేదు.

ప్రధాన సభ సాధారణముగా గురువారమున జరుగును. అంతకు ముందు మంగళవారమున సమాలోచన సభయొకటి యుండును. అందు క్లిష్టమైన విషయములను సభ్యులు బహిరంగముగా చర్చింతురు. తుది నిర్ణయములను ప్రధాన సభకే విడుతురు. గురువారమున వివాదము లేని విషయములన్నింటిని ఒక పట్టికగా చేర్చి ఒకే ఓటుతో ఆమోదింతురు. అయితే ఏ సభ్యుడైనను ‘ఈ విషయమును విడిగా చర్చింపవలెను’ అని కోరి, దానిని పట్టికనుండి తీయించవచ్చును. కాలమంతయు నిజముగా తగవున్న విషయములకే మిగులును.

ఈ మంగళవారపు సభ ఏర్పడుటకు వెనుక ఒక కథ కలదు. 2011కు పూర్వము మేయరును సభ్యులును ప్రధాన సభకు ముందు ఒకరితోనొకరు, లేదా ఇద్దరేసి మరియొకరితో, కార్యాలయములలో క్రమముగా కలిసికొని రాబోవు విషయములను మాటలాడుకొనుచుండిరి. అప్పటి కౌన్సిలునకు కోరము నలుగురు. ముగ్గురు కూర్చుండిన అది సభ కాదు. సభ కానిచో నోటీసు అక్కరలేదు, ప్రజలు రానక్కరలేదు. చూచుటకు నిర్దోషముగనే కనుపించును. కాని మొదటివానితో మాటలాడినవాడు రెండవవానితోను, రెండవవాడు మూడవవానితోను వరుసగా మాటలాడినచో, సాయంకాలమునకు ఏడుగురును చర్చలో పాల్గొన్నట్లే యగును. గురువారపు సభలో మిగులునది చేయి యెత్తుట మాత్రమే.

టెక్సస్ రాష్ట్రమున బహిరంగ సమావేశముల చట్టము 1967లో వచ్చినది. ఆస్టిన్‌లో జరుగుచున్న భేటీలు ఆ చట్టమునకు విరుద్ధమని 2011 జనవరిలో కౌంటీ న్యాయాధికారికి ఫిర్యాదు అందినది. విచారణ దీర్ఘకాలము సాగినది. 2012లో మేయరును, పలువురు సభ్యులును ఆ అధికారితో ఒప్పందములపై సంతకములు చేసిరి. చట్టమును గూర్చి శిక్షణ పొందుదుమనియు, ఇకపై దానిని పాటింతుమనియు వారు అంగీకరించిరి. అట్లు నడచుకొన్నచో అభియోగము మోపకుండుటకు ఏర్పాటు జరిగినది. ఈ విచారణ సభా నియమములను గూర్చినదే గాని ధనాపహరణమును గూర్చినది కాదని పాఠకులు గమనింపవలెను. పని త్వరగా సాగవలెనను కోరికయే ప్రజలను గది వెలుపల నిలుపగలదు. ఫిర్యాదు వచ్చిన 2011లోనే కౌన్సిలు ఆ భేటీలను మాని మంగళవారపు సభను బహిరంగముగా ప్రారంభించినది.

సభ్యులు ఒకరితోనొకరు మాటలాడుకొనకుండ పని ఎట్లు జరుగునను ప్రశ్న మిగిలినది. 2013లో టెక్సస్ శాసనసభ ఒక వెసులుబాటు కల్పించినది. సభ్యులు తమలో తాము ఇంటర్నెట్టుపై ఒక ఫలకమున వ్రాసికొనవచ్చును. దానిని ప్రజలెవరైనను చదువవచ్చును. అచ్చట ఓటింగుగాని నిర్ణయముగాని చేయరాదు. ఆస్టిన్ సభ్యులు తమ సవరణలను, అభ్యంతరములను సభకు ముందు దానిపై ఉంచుచున్నారు. ఇక వరుస భేటీలను నేరముగా పరిగణించు నిబంధన అస్పష్టముగా ఉన్నదని 2019లో ఆ రాష్ట్రపు క్రిమినల్ అప్పీళ్ల న్యాయస్థానము కొట్టివేయగా, అదే సంవత్సరము శాసనసభ దానిని స్పష్టమైన మాటలతో తిరిగి వ్రాసినది. అజెండా ప్రకటించు గడువు పూర్వము 72 గంటలు. శుక్రవారమున గోడకంటించి సోమవారమున సభ జరుపుటకు అందు వీలుండెను. శని ఆదివారములలో దానిని చూచువారెవ్వరు? 2025లో చేసిన సవరణ వలన ఇప్పుడు మూడు పనిదినముల ముందు ప్రకటింపవలసి యున్నది.

మన పంచాయతీ చట్టములు వేరు, మన సభల పరిమాణము వేరు. నోటీసుతోపాటు చర్చింపవలసిన విషయములను సభ్యులకు ముందుగా తెలుపవలెనను నియమము మాత్రము మనకును కలదు. దానిని పాటించుటలో కాగితమును చేరవేయుట ఒక భాగము. ఎస్టిమేటు ప్రతి, వెనుకటి బిల్లు, నిధి నిల్వ కూడ సభ్యునికి ముందుగా అందినపుడే ఆ కాగితమునకు విలువ. చదువు తక్కువగా గల సభ్యురాలికి కార్యదర్శి ఆ విషయములను చదివి వినిపించుట ఉపకారము కాదు. సభను నడుపుటలో అదియొక భాగము. సర్పంచి, ఉపసర్పంచి, కార్యదర్శి ముగ్గురు ముందుగా కూర్చుండి అజెండా కూర్చుకొనుట తప్పనిసరి. అచ్చట ఏది ఎప్పుడు రావలెనను నిర్ణయము జరుగవచ్చును గాని, ఏది నెగ్గవలెనను నిర్ణయము జరుగరాదు.

కష్టమంతయు అజెండాలోనికి రాని విషయములతో వచ్చును. దళితవాడలోని మురుగుకాలువ సంగతిని ఒక వార్డు సభ్యురాలు ప్రతి నెలయు నోటిమాటగా ఎత్తుచున్నదనుకొనుడు. ఎవరును కాదనరు. ‘చూతములెండి అమ్మా’ అందురు. సంవత్సరమైనను తిరస్కరించిన తీర్మానము పుస్తకమున కనుపించదు. ఆమోదించిన తీర్మానమును కనుపించదు. ఓడిపోయిన ప్రతిపాదనను మరల తేవచ్చును, ఎవరు వ్యతిరేకించిరో అడుగవచ్చును. పట్టికకెక్కని దానికి అట్టి జాడయే ఉండదు.

టెక్సస్ చట్టము ఇట్టి సందర్భమునకు ఒక దారి చూపినది. అజెండాలో లేని విషయమును ఎవరైనను సభలో అడిగినచో, దానిపై అప్పటికప్పుడు చర్చించి నిర్ణయించుటకు వీలులేదు. ఉన్న వాస్తవమును చెప్పవచ్చును. అమలులోనున్న విధానమును చెప్పవచ్చును. రాబోవు సభ అజెండాలో దానిని చేర్చవలెనా యను సంగతిని మాత్రము చర్చింపవచ్చును. మన సభలలోను మురుగుకాలువ మాట వచ్చినపుడు, అధ్యక్షుడు సభ ముగింపకముందే ‘వచ్చు నెల అజెండాలో ఇది ఫలానా అంశము’ అని మినిట్సు పుస్తకమున వ్రాయించి, ఆ వాక్యమును పైకి చదివింపవచ్చును. ఎస్టిమేటు ఎవరు, ఏ తేదీలోపల సిద్ధపరుపవలెనో కూడ అందే వ్రాసిన యెడల, మరుసటి నెల నోటీసు అందిన దినముననే ఆ సభ్యురాలు దానిని సరిచూచుకొనగలదు.