కంటి కింద క్రీమ్ కొనే ముందు

"అన్నా, కళ్ల కింద నలుపు పోవాలంటే ఏ క్రీమ్ వాడాలి?" హైదరాబాద్‌లోని మాదాపూర్, రాయదుర్గం, నానక్‌రామ్‌గూడ ఆఫీసుల్లో కొత్తగా చేరిన కుర్రాడి నుంచి నలభై దాటిన మేనేజర్ దాకా అడిగే ప్రశ్న ఇది. మగవాళ్లు ఇలాంటివి అడగకూడదన్నట్టు గొంతు తగ్గించి అడుగుతారు. అంత మొహమాటం అక్కర్లేదు. రాత్రి ఎనిమిదింటికి అమెరికా క్లయింటుతో వీడియో కాల్‌లో కూర్చుంటే, పని ఎంత బాగా చేసినా అవతలివాళ్లకు మనం నిద్రలేని మనిషిలా కనిపిస్తాం. ఇంటర్వ్యూకి వెళ్లేవాడికీ అదే దిగులు. ఆ దిగులులో తప్పేం లేదు. కానీ దానికి జవాబు క్రీమ్ పేరుతో మొదలవదు. ఆ నలుపు ఏ రకమో ముందు తెలియాలి.

పగటి వెలుగులో, కిటికీ దగ్గర అద్దం పట్టుకుని నిలబడండి. కంటి కింద చర్మాన్ని వేలితో మెల్లగా పక్కకు లాగండి. గోధుమ రంగు అలాగే ఉండిపోతే అది చర్మంలో పేరుకున్న మెలనిన్. లాగినప్పుడు నీలమో ఊదానో ఇంకా తేలితే, పల్చటి చర్మం కింద నుంచి రక్తనాళాలు కనిపిస్తున్నాయన్నమాట. ఇప్పుడు చర్మాన్ని వదిలేసి, మొహం పైకెత్తి వెలుగు వైపు తిరగండి. నలుపు చాలావరకు మాయమైతే అది అసలు రంగే కాదు, కంటి కింద గుంట వేసే నీడ. పొద్దున లేవగానే ఉబ్బి మధ్యాహ్నానికి తగ్గేది నీరు. రాత్రి పొద్దుపోయాక తిన్న ఉప్పటి బిర్యానీ మర్నాడు పొద్దున అక్కడే కనిపిస్తుంది.

చాలామందిలో ఇవి కలిసే ఉంటాయి. ఎక్కువ వాటా దేనిదో తెలిస్తే చాలు. వంశపారంపర్యంగా వచ్చిన నలుపైతే మీ నాన్నగారి పెళ్లి ఫొటోలోనో, మేనమామ మొహంలోనో ఆనవాలు దొరుకుతుంది. మన చర్మాల్లో ఇది చాలా మామూలు, జబ్బు కాదు. క్రీమ్ దాన్ని కొంత పలచన చేయగలదు, తుడిచేయలేదు. మెడ వెనక, చంకల్లో కూడా చర్మం మందంగా, మఖమల్ గుడ్డలా నల్లబడి, నడుం చుట్టూ బరువు పెరిగి ఉంటే మాత్రం ముందు వెళ్లాల్సింది షుగర్ పరీక్షకు. ఒంట్లో ఇన్సులిన్ సరిగా పనిచేయనప్పుడు చర్మం ఇలా మారుతుంది. రోజంతా కుర్చీలో గడిపే ఉద్యోగాల్లో దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. రక్తహీనత ఉన్నా కళ్ల కింద నలుపు ఎక్కువగా కనిపిస్తుంది, అదీ ఒక చిన్న రక్తపరీక్షలో తేలిపోతుంది.

ఎవరూ పట్టించుకోని కారణం ఇంకొకటి ఉంది, కళ్లు రుద్దుకోవడం. కోకాపేట, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ వైపు ఏళ్ల తరబడి ఆగని కట్టడాల దుమ్ము, ఆఫీసులో పొద్దస్తమానం ఏసీ, దానికి తోడు తెర చూస్తున్నంతసేపూ తగ్గిపోయే రెప్పపాటు. కళ్లు ఎండి దురద పెడతాయి, మనకు తెలియకుండానే చెయ్యి వెళ్లి రుద్దుతుంది. రోజూ రుద్దితే చర్మం అక్కడ నల్లబడుతుంది. ఇలాంటివాడికి వెయ్యి రూపాయల క్రీమ్ కంటే అలర్జీకి డాక్టర్ రాసే చుక్కలమందు ఎక్కువ పనిచేస్తుంది. ప్రతి 20 నిమిషాలకోసారి 20 అడుగుల దూరంలోని వస్తువును 20 సెకన్లు చూడమని కంటి డాక్టర్లు చెప్పేది ఉత్త మాట కాదు. కళ్లజోడు నంబరు మారినా కళ్లు అలసి రుద్దుకుంటాం కాబట్టి పరీక్ష చేయించుకుని ఏడాది దాటితే ఒకసారి వెళ్లిరండి.

ఇక క్రీముల సంగతి. కెఫీన్ ఉన్నవి రక్తనాళాలను కాసేపు ముడుచుకునేలా చేసి ఉబ్బు తగ్గిస్తాయి. ఆ ప్రభావం కొన్ని గంటలే. పొద్దున్నే ముఖ్యమైన మీటింగ్ ఉన్నరోజు అది చాలు, అంతకుమించి ఆశించకండి. గోధుమ రంగుకు నియాసినమైడ్, విటమిన్ సి ఉన్నవి చూడండి. రెండు మూడు నెలలు విడవకుండా వాడితే గానీ తేడా తెలియదు. సన్నటి గీతలకు రెటినాల్ మంచిదే. కానీ తక్కువ మోతాదులో, రాత్రిపూట మాత్రమే, మొదట్లో వారానికి రెండుసార్లు. తొందరపడి రోజూ రాస్తే చర్మం పొట్టు లేచి మండుతుంది, మన రంగు చర్మంలో ఆ మంట తగ్గాక ఇంకాస్త నలుపు మిగులుతుంది. బఠాణీ గింజంత తీసుకుంటే రెండు కళ్లకూ సరిపోతుంది. ఉంగరపు వేలితో కంటి చుట్టూ ఎముక మీద అద్దండి, రెప్పవెంట్రుకల దాకా తీసుకెళ్లకండి.

గుంట నీడకు ఏ క్రీమూ పనిచేయదు. ఫిల్లర్ ఇంజెక్షన్లతో నింపుతారు గానీ, కంటి దగ్గర సూది పొరపాటున రక్తనాళంలోకి వెళ్తే చాలా అరుదుగానైనా చూపు పోయే ప్రమాదం ఉంది. ఫోన్‌లో కనిపించిన ఆఫర్ చూసి ఏ బ్యూటీ సెంటర్‌కో వెళ్లి చేయించుకునే పని కాదది. ఇలాంటివి మామూలుగా ఆరోగ్య బీమా కిందికి కూడా రావు.

ధర దగ్గర కాస్త లెక్క వేయండి. 15 మిల్లీలీటర్ల కంటి క్రీమ్ 600 రూపాయలనుకుందాం, మిల్లీలీటరు 40 పడింది. 50 మిల్లీలీటర్ల మామూలు మాయిశ్చరైజర్ 350 అయితే మిల్లీలీటరు 7. రెండింటి వెనకా పదార్థాల జాబితా చదివితే గ్లిజరిన్, హైలురోనిక్ యాసిడ్, నియాసినమైడ్ అంటూ చాలాసార్లు అవే పేర్లు కనిపిస్తాయి. కళ్ల కింద పొడిబారడమే మీ సమస్య అయితే సువాసన కలపని మాయిశ్చరైజర్‌నే అక్కడా అద్దుకోవచ్చు. 'మగవాళ్ల కోసం' అని నల్లటి డబ్బాలో పెట్టి అమ్మేవాటికి అదనంగా ఇవ్వక్కర్లేదు. మగవాళ్ల చర్మం కాస్త మందం, జిడ్డు ఎక్కువ. అంటే మీకు జెల్ లాంటి తేలికపాటి రకం నప్పుతుంది, అంతే. అది ఆడవాళ్ల అరలో ఉన్నా మీకు పనిచేస్తుంది. తెర నుంచి వచ్చే నీలి కాంతిని ఆపుతుందనే క్రీముకు కూడా డబ్బు పెట్టకండి. ఎండలో ఉన్న నీలి కాంతి ముందు ల్యాప్‌టాప్‌ది లెక్కలోకి రానంత తక్కువ.

మీ జేబులో ఒక్కదానికే డబ్బుంటే సన్‌స్క్రీన్ కొనండి. కంటి కింద నలుపుకైనా, బుగ్గల మీద మంగుకైనా, మొటిమలు మానాక మిగిలే మచ్చలకైనా ఎండ తగులుతున్నంతకాలం ఏ క్రీమ్ రాసినా ఒక అడుగు ముందుకు, రెండడుగులు వెనక్కే. ఆఫీసులోనే ఉంటాం కదా అంటారు. మియాపూర్ నుంచో ఎల్బీనగర్ నుంచో బైకు మీద వచ్చేవాడికి హెల్మెట్ అద్దం పైకెత్తి ఉంటే మొహమంతా ఎండే. క్యాబ్‌లో కిటికీ పక్కన గంటసేపు కూర్చునేవాడికి పక్క అద్దం యూవీబీని ఆపుతుంది గానీ, చర్మాన్ని నల్లబరిచే యూవీఏను పూర్తిగా ఆపదు. మధ్యాహ్నం ఒంటిగంటకు గచ్చిబౌలి డీఎల్ఎఫ్ దగ్గర తిండి బండి ముందు లైన్లో నిలబడేది కూడా మనమే. ఎస్‌పీఎఫ్ 30 లేదా 50, పీఏ ప్లస్ గుర్తులు మూడో నాలుగో ఉన్నది తీసుకోండి. చూపుడు వేలు, మధ్య వేలు పొడవునా రెండు గీతలు పిండితే మొహానికీ మెడకూ కలిపి ఒక మోతాదు. అందులో సగం రాసుకుని పనిచేయలేదంటే లాభం లేదు. చెమటకు కారి కళ్లు మండుతుంటే కంటి చుట్టూ మాత్రం జింక్ ఆక్సైడ్ ఉన్న స్టిక్ వాడండి. బయట ఉన్నరోజు రెండు గంటలకోసారి మళ్లీ రాయాలి. రోజంతా లోపలే ఉంటే లంచ్‌కు బయటికి వెళ్లేముందు ఒకసారి సరిపోతుంది.

ఇప్పుడు చెప్పేది మాత్రం దయచేసి నిదానంగా చదవండి. మందుల షాపులో "మొహానికి ఏదైనా ఇవ్వండి" అని అడిగితే చేతికొచ్చే చిన్న ట్యూబుల్లో చాలావాటిలో స్టెరాయిడ్ ఉంటుంది. వెనక బెటామెథసోన్, క్లోబెటసాల్, మొమెటసోన్ అని రాసి ఉంటే అది బ్యూటీ క్రీమ్ కాదు, మందు. హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్, మొమెటసోన్ మూడూ కలిపిన ట్యూబు మరీ మోసం చేస్తుంది. వారం పది రోజుల్లో మొహం తేటబడుతుంది, రూమ్‌మేట్ కూడా అదే కొంటాడు. నెలల తరబడి రాస్తే చర్మం పలచబడి ఎర్రగా మారుతుంది, సన్నటి నరాలు తేలతాయి, మొటిమలు విరుచుకుపడతాయి. మానేస్తే మంట, మానకపోతే నష్టం. కంటి చుట్టూ చాలాకాలం రాస్తే లోపలికి ఇంకి గ్లాకోమా, శుక్లాలు రావచ్చు. మన దేశంలో ఇలా పాడైన మొహాలు ఎంత ఎక్కువయ్యాయంటే చర్మవైద్యుల జాతీయ సంఘం దీనిమీద ప్రత్యేకంగా ఒక కార్యదళాన్నే పెట్టుకుంది. 2018లో కేంద్రం 14 స్టెరాయిడ్ పూతమందులను డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడని షెడ్యూల్ హెచ్ కిందికి తెచ్చింది. అయినా కౌంటర్ మీద అడిగితే ఇచ్చేవాళ్లు ఉన్నారు. గజ్జల్లో తామరకు వాడిన ట్యూబునే గడ్డం దురదకు రాసుకునేవాళ్లూ ఉన్నారు. తామర మీద స్టెరాయిడ్ పడితే దురద తగ్గినట్టే తగ్గి, లోపల ఫంగస్ ఇంకా పాకుతుంది.

పేరూ ఊరూ లేని తెల్లబరిచే క్రీములు ఇంకో ప్రమాదం. 2021 జూలై, 2023 సెప్టెంబర్ మధ్య కేరళలోని కొట్టక్కల్‌లో ఒక ఆసుపత్రి డాక్టర్లు ఒకే రకం మూత్రపిండాల జబ్బున్న 22 మందిని గమనించారు. వాళ్లలో 15 మందికి అరుదుగా కనిపించే ఒక ప్రత్యేక రకం ఉందని తేలింది, ఆ 15 మందిలో 13 మంది చర్మాన్ని తెల్లబరిచే క్రీములు వాడినవాళ్లే. అలాంటి క్రీముల్లో తరచూ పాదరసం కలుపుతారు. తయారీ లైసెన్స్ నంబరు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ, తయారీదారు చిరునామా, విదేశీ సరుకైతే దిగుమతిదారు పేరు, రిజిస్ట్రేషన్ నంబరు లేని డబ్బా ఎంత చవకైనా ముట్టుకోకండి. ఆన్‌లైన్‌లో కొంటే అమ్మేది కంపెనీయో, దాని అధీకృత విక్రేతో చూసుకోండి.

తెల్లబడటం అనే లక్ష్యాన్నే పక్కన పెట్టమని నా మనవి. 2005లో ఫెయిర్ అండ్ హ్యాండ్‌సమ్ క్రీమ్ వచ్చినప్పటి నుంచి మగవాళ్లకు కూడా ఆ ఆశ అమ్ముతున్నారు. చామనఛాయ మనిషిని తక్కువ చేసి చూపే ప్రకటనలు వద్దని 2014లో ప్రకటనల ప్రమాణాల మండలి మార్గదర్శకాలు ఇవ్వాల్సి వచ్చింది. చర్మం ఆరోగ్యంగా ఉండటమే మనకు కావలసింది. పుట్టిన రంగు మార్చుకోవడం ఏ ఉద్యోగానికీ అర్హత కాదు.

నీళ్ల గురించి ఒక మాట. కొండాపూర్, నిజాంపేట వైపు అపార్ట్‌మెంట్లలో బోరు నీళ్లో ట్యాంకర్ నీళ్లో ఎక్కువ, ఉప్పు శాతం ఎక్కువ. ఆ నీళ్లలో సబ్బు సరిగా కరగక చర్మం మీద పొరలా మిగులుతుంది, మొహం బిగుసుకుపోతుంది. మొహానికి సబ్బు మానేసి తేలికపాటి ఫేస్‌వాష్ రోజుకు రెండుసార్లు వాడండి, తడి ఆరకముందే మాయిశ్చరైజర్ రాయండి. అమ్మ పంపిన సున్నిపిండి ఒంటికి హాయిగా వాడుకోండి. మొటిమలున్న మొహం మీద మాత్రం రుద్దకండి. నిమ్మరసం రాసుకుని ఎండలోకి వెళ్తే చర్మం కాలి మచ్చలు పడతాయి. గడ్డం కింద గుల్లలు వస్తుంటే వెంట్రుక పెరిగే దిశలోనే గీసుకోండి, ఎదురు గీయకండి. గడ్డంలో పొట్టు రాలుతుంటే నూనె పెట్టడం ఆపి, కీటోకొనజోల్ షాంపూ వారానికి రెండుసార్లు రెండు మూడు నిమిషాలు ఉంచి కడగండి.

వీడియో కాల్ సంగతికొస్తే, డబ్బు ఖర్చు లేని మందు ఒకటుంది. తల మీద ట్యూబ్‌లైట్ ఉంటే ఎవరికైనా కళ్ల కింద గుంటలు పడతాయి. కళ్ల ఎత్తులో, తెర వెనక నుంచి మొహం మీద వెలుగు పడేలా చిన్న టేబుల్ ల్యాంప్ పెట్టండి. గుంట నీడ ఉన్నవాళ్లకు ఏ ట్యూబూ ఇవ్వని ఫలితం అప్పటికప్పుడే కనిపిస్తుంది. రాత్రి షిఫ్టులో ఉన్నవాళ్లు పగటి నిద్రకు గదిని పూర్తిగా చీకటి చేసుకోండి. తెల్లవారి క్యాబ్‌లో ఇంటికి వస్తూ నల్ల కళ్లద్దాలు పెట్టుకుంటే నిద్ర తొందరగా పడుతుంది.

మూడు నెలలు ఇవన్నీ చేసినా మార్పు లేకపోయినా, ఒక కన్ను కిందే నలుపో వాపో ఉన్నా, దురదతో చర్మం పగులుతున్నా చర్మవైద్యుల దగ్గరికి వెళ్లండి. కార్పొరేట్ క్లినిక్ ఫీజు భారమైతే ఉస్మానియా, గాంధీ ఆసుపత్రుల్లో చర్మవ్యాధుల ఓపీ ఉంది, పెద్ద డాక్టర్లే చూస్తారు. వెళ్లేటప్పుడు ఇంట్లో ఉన్న ట్యూబులూ డబ్బాలూ అన్నీ సంచిలో వేసుకెళ్లండి. ఏది ఎన్నాళ్లు రాశారో, సెలూన్‌లో ఏం పూశారో దాచకుండా చెప్పండి. స్టెరాయిడ్ ఏమైనా వాడుతూ ఉంటే సొంతంగా ఒక్కసారే ఆపేయకండి. ఎలా తగ్గించుకుంటూ రావాలో ఆ డాక్టర్‌నే రాసివ్వమనండి.