ఎలుగుబంటి ఎదురైతే ఏ తుపాకీ?

ప్రశ్న: అలాస్కాలో ఉంటున్నాం. ఏటి ఒడ్డున చేపలు పడుతుంటాను. గోధుమరంగు ఎలుగుబంట్లకు ఏ చేతితుపాకీ, ఏ తూటా మంచిది?

జవాబు: ముందు బేర్ స్ప్రే కొనండి, చేతికందేలా పెట్టుకోండి. తుపాకీ దాని తర్వాతే. .44 మాగ్నం రివాల్వర్ దెబ్బ గట్టిది, కానీ బాగా వెనక్కి తంతుంది. అలవాటు లేనివారికి రెండో గుండు గురి కుదరదు. అందుకే మీకు 10 మి.మీ. పిస్టల్ నయమంటాను. తూటా విషయంలో మాత్రం రాజీ పడొద్దు. మొన బోలుగా ఉండే హాలో పాయింట్ తూటా విచ్చుకుని లోతుకు దిగకుండానే ఆగిపోవచ్చు. మందపాటి కండనూ ఎముకనూ దాటాలంటే గట్టి సీసంతో పోతపోసిన, బల్లపరుపు మొన తూటాయే కావాలి. ఇక చట్టం సంగతి. మీరు హెచ్-1బీ వీసాపై ఉన్నారా? అయితే వేట లైసెన్సు వంటి మినహాయింపు లేకుండా తుపాకీ దగ్గరుంచుకోవడం అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. కొనేముందు న్యాయవాదిని అడగండి.