ఇంటి అంతర్జాలానికి ద్వారపాలకుడు

ఇంటికి గోడలు ఎంత అవసరమో గుమ్మమూ అంత అవసరం. గోడ అందరినీ ఆపుతుంది. గుమ్మం రాదగినవారిని రానిచ్చి, రాకూడనివారిని ఆపాలి. ఈ వివేచన కలవాడే ద్వారపాలకుడు. భాగవత కథలో జయవిజయులు వైకుంఠ ద్వారం వద్ద సనకాది మునులను అడ్డగించి శాపానికి గురయ్యారు. రాదగినవారిని ఆపడం కూడా ద్వారపాలకుని దోషమేనని ఆ కథ బోధిస్తుంది. నేటి ఇళ్లలోకి అంతర్జాలం కూడా ఒక గుమ్మం గుండానే ప్రవేశిస్తోంది. ఆ గుమ్మానికి సాంకేతిక పరిభాషలో 'గేట్‌వే' అని పేరు.

ఒక ఇంట్లో రెండు సెల్‌ఫోన్లు, ఒక టీవీ, ఒక కంప్యూటర్, వాకిలి వద్ద ఒక కెమెరా ఉన్నాయనుకుందాం. ఇవన్నీ ఒకే కనెక్షన్‌ను పంచుకుంటాయి. అంతర్జాలంలో సంచరించే ప్రతి సమాచారానికీ అంకెల రూపంలో ఒక చిరునామా కావాలి. బహుళ ప్రచారంలో ఉన్న పాత పద్ధతిలో అటువంటి చిరునామాలు సుమారు 429 కోట్లు మాత్రమే. అవి ప్రపంచానికి చాలవు. కనుక ఇంట్లోని పరికరాలన్నీ లోపలి చిరునామాలతో మెలగుతాయి. బయటికి మాత్రం ఇంటికంతటికీ ఒకే చిరునామా కనిపిస్తుంది. ఏ పరికరం ఏమి అడిగిందో గేట్‌వే గుర్తుంచుకొని, వచ్చిన సమాధానాన్ని దానికే అందజేస్తుంది. ఎవరూ అడగకుండా వచ్చినదానిని గుమ్మం వద్దనే నిలిపివేస్తుంది. ఈ రక్షణకే 'ఫైర్‌వాల్' అని పేరు.

ఈ ద్వారపాలకుడు ఏమరుపాటు చెందితే నష్టం ఆ ఇంటితో ఆగదు. 2016లో 'మిరాయ్' అనే దుష్ట సాఫ్ట్‌వేర్ లక్షలాది కెమెరాలను, రూటర్లను వశపరచుకొంది. వాటి యజమానులు కర్మాగారంలో పెట్టిన పాస్‌వర్డ్‌ను మార్చకపోవడమే దానికి చాలినంత అవకాశమైంది. అదే సంవత్సరం అక్టోబరు 21న అటువంటి పరికరాలు ఒక్కుమ్మడిగా 'డైన్' అనే సంస్థపై దాడి చేయగా, అమెరికాలో ట్విటర్ వంటి ప్రసిద్ధ సేవలు గంటల తరబడి స్తంభించాయి. తమ ఇంటి కెమెరా ఆ దాడిలో పాల్గొన్నదని దాని యజమానులలో చాలామందికి తెలియనే తెలియదు.

కనెక్షన్ ఇచ్చే సంస్థ అమర్చే పెట్టె కూడా ద్వారపాలకుడే. అయితే దానిలోని సాఫ్ట్‌వేర్ ఎప్పుడు మారుతుందో, ఎప్పుడు మారడం మానుతుందో ఇంటివారి చేతిలో ఉండదు. అందువల్ల కొందరు ఒక చిన్న కంప్యూటర్‌ను కొని దానికి ఆ బాధ్యత అప్పగిస్తారు. అటువంటి కంప్యూటర్‌ను ఎంచుకొనేటప్పుడు ముఖ్యంగా మూడు విషయాలు పరిశీలించాలి.

మొదటిది, ద్వారాల సంఖ్య. గేట్‌వేకు బయటివైపు ఒకటి, లోపలివైపు ఒకటి చొప్పున రెండు ఈథర్‌నెట్ ద్వారాలు ఉండటం మేలు. ప్రసిద్ధమైన 'రాస్ప్‌బెర్రీ పై' కంప్యూటర్‌కు ఉన్నది ఒక్కటే. పైగా 2018లో వచ్చిన '3బి ప్లస్' నమూనాలో ఆ ద్వారం యు.ఎస్.బి. మార్గం మీద ఆధారపడినందున, వేగం సెకనుకు సుమారు 300 మెగాబిట్లకు మించలేదు. 2019లో వచ్చిన నాలుగవ నమూనాలో ఈ లోపం తొలగినా, రెండవ ద్వారాన్ని వేరుగా తగిలించుకోవలసిందే.

రెండవది, విద్యుత్తు. గేట్‌వే రాత్రింబవళ్లు మేల్కొని ఉండాలి. 60 వాట్లు తీసుకొనే పాత కంప్యూటర్ రోజుకు 1.44 యూనిట్లు, ఏడాదికి సుమారు 526 యూనిట్లు ఖర్చు చేస్తుంది. 10 వాట్ల చిన్న కంప్యూటర్‌కు ఏడాదికి సుమారు 88 యూనిట్లు చాలు. పాతది ఊరక వచ్చిందని సంతోషించేవారు ఈ లెక్క వేసుకోవాలి. కరెంటు పోయినప్పుడు చిన్న బ్యాటరీతో ఎక్కువసేపు నడిచేదీ తక్కువ విద్యుత్తు తీసుకొనేదే.

మూడవది, అన్నిటికంటె ముఖ్యమైనది, సాఫ్ట్‌వేర్ ఆయుర్దాయం. దానిలో కొత్త లోపాలు బయటపడుతూనే ఉంటాయి. వాటిని సవరించేవారు ఉండాలి. 2004లో ఆరంభమైన 'ఓపెన్ డబ్ల్యు.ఆర్.టి.', 2015లో వెలువడిన 'ఓపీఎన్‌సెన్స్' వంటి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్లు ఈ పనికి ప్రసిద్ధం. ఎంచుకొన్న కంప్యూటర్‌పై అవి నడుస్తాయో లేదో కొనక ముందే తెలుసుకోవాలి. ఎంత మంచి సాఫ్ట్‌వేర్ అయినా శాశ్వతం కాదు. ఇదే పనికి పేరుపొందిన 'మోనోవాల్' 2015లో ముగిసింది. దాని కర్తే వాడుకరులను ఓపీఎన్‌సెన్స్ వైపు మళ్లవలసిందిగా సూచించాడు.

ఇన్ని చూసి కొన్నా, యంత్రం తనంతట తాను కాపలా కాయదు. మొదటి రోజునే పాస్‌వర్డ్ మార్చాలి. సవరణలు వచ్చినప్పుడల్లా స్వీకరించాలి. కెమెరా, టీవీ వంటివాటిని కుటుంబ కంప్యూటర్లకు దూరంగా వేరొక విభాగంలో ఉంచాలి. గేట్‌వే ఆగితే ఇల్లంతటికీ అంతర్జాలం ఆగుతుంది. కనుక పాత పెట్టెను పారవేయక అటక మీద భద్రపరచాలి. ఈ శ్రద్ధ వహించలేనివారికి క్రమంగా సవరణలు అందే సాధారణ రూటరే మేలు. వాకిట కాపలావాణ్ణి నిలిపినంత మాత్రాన ఇంటి యజమాని బాధ్యత తీరదు. ఆ కాపలావాడు మేల్కొని ఉన్నాడో లేదో అప్పుడప్పుడు చూసుకోవలసినవాడు యజమానే.

అభ్యాసం

1. గేట్‌వే చేసే పనులను ద్వారపాలకుని పనులతో పోల్చి వివరించండి.
2. 2016 నాటి దాడికి ఇళ్లలోని పరికరాలు ఎట్లా కారణమయ్యాయి?
3. మీ ఇంట్లో 25 వాట్ల గేట్‌వే నిరంతరం నడిస్తే ఏడాదికి ఎన్ని యూనిట్లు ఖర్చవుతాయో లెక్కించండి.