నామపత్రమే నిరసన గళం

ప్రజాస్వామ్యంలో ఓటరు అభ్యర్థులలో ఒకరిని ఎన్నుకుంటాడు. అయితే ఆ అభ్యర్థులను ముందుగా నిర్ణయించేది ఎవరు? ఈ ప్రశ్న చాలా దేశాలలో తలెత్తింది. అమెరికాలో పూర్వం పార్టీల మహాసభలే అభ్యర్థులను ఎంపిక చేసేవి. వాటిలో కొద్దిమంది నాయకుల మాటే చెల్లుతున్నదన్న అసంతృప్తి ప్రబలింది. 1904లో ఓరెగాన్ రాష్ట్ర ప్రజలు నేరుగా ఓటు వేసి, అభ్యర్థుల ఎంపికను పార్టీ ఓటర్లకు అప్పగించే శాసనాన్ని ఆమోదించారు.

మనదేశంలో ఆ ఎంపిక పార్టీల చేతిలోనే ఉంది. పార్టీ ఇచ్చే ‘బీ-ఫారం’ గలవారికే దాని గుర్తు లభిస్తుంది. అది లేనివారు స్వతంత్రులుగా నామపత్రం సమర్పించవచ్చు. ఈ హక్కునే నల్లగొండ ప్రజలు 1996 లోక్‌సభ ఎన్నికలలో ఆయుధంగా మలచుకున్నారు.

అప్పటి నల్లగొండ జిల్లాలో సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాలు కూడా అంతర్భాగాలు. జిల్లా పొలిమేరలో కృష్ణానది ప్రవహిస్తున్నా, అనేక గ్రామాలకు ఫ్లోరైడ్ నీరే దిక్కయింది. పిల్లల పళ్ళు గారపట్టాయి. పెద్దల ఎముకలు వంగిపోయాయి. ఈ దుఃస్థితిని దేశం దృష్టికి తెచ్చేందుకు జలసాధన సమితి పిలుపుతో వందలాది మంది నామపత్రాలు సమర్పించారు. చివరకు 480 మంది అభ్యర్థులు బరిలో నిలిచారు. భారత కమ్యూనిస్టు పార్టీ అభ్యర్థి బొమ్మగాని ధర్మభిక్షం విజయం సాధించారు. తమిళనాడులోని మొడకురిచ్చి శాసనసభ స్థానంలో అదే ఏడాది 1033 మంది పోటీచేశారు.

దరిమిలా 1996లోనే చట్టం మారింది. లోక్‌సభ అభ్యర్థి ధరావతు 500 రూపాయల నుండి 10,000 రూపాయలకు పెరిగింది. గుర్తింపు పొందిన పార్టీ అభ్యర్థికి ఒక్క ప్రతిపాదకుడు చాలు. ఇతరులకు పదిమంది కావాలి. 2010 నుండి ధరావతు 25,000 రూపాయలు. షెడ్యూల్డు కులాలు, తెగల వారికి అందులో సగం. చెల్లిన ఓట్లలో ఆరోవంతుకు మించి రాకుంటే ఆ సొమ్ము దక్కదు.

అభ్యర్థుల సంఖ్య మితిమీరితే ఎన్నికల నిర్వహణ కష్టమే. కాని నల్లగొండ అభ్యర్థులు పదవిని ఆశించినవారు కారు, తాగునీరు అడిగినవారు. ధరావతు పెంపు వేళాకోళపు పోటీని ఆపినట్లే, పేదవాని నిరసనను కూడా ఆపగలదు. పార్టీ అండ లేని పౌరునికి ఎన్నికల ద్వారం ఎంతవరకు తెరచి ఉండాలో నిర్ణయించవలసినది రేపటి ఓటర్లయిన మీరే.

కఠిన పదాలు: ధరావతు = హామీగా చెల్లించే సొమ్ము; దరిమిలా = ఆ తరువాత; పొలిమేర = సరిహద్దు.

ప్రశ్నలు
1. నల్లగొండలో 480 మంది పోటీచేయడానికి గల కారణాలను వివరించండి.
2. ధరావతు పెంపు సమంజసమేనా? చర్చించండి.