మెరిసే ప్రొటీన్, కదిలే గ్రాహకం

ఖరగ్‌పూర్ రైల్వే కాలనీల్లో రైల్వే ఎన్‌టీపీసీ పరీక్షకు చదువుతున్న మన తెలుగు పిల్లలు 2008 రసాయన నోబెల్‌ను వదలకూడదు. షిమొమురా, చాల్ఫీ, చెన్; అంశం ఆకుపచ్చ ఫ్లోరోసెంట్ ప్రొటీన్. దాన్ని 1962లో ఎక్వోరియా విక్టోరియా జెల్లీఫిష్ నుంచి వేరుచేశారు. పేర్లు బట్టీపడితే చాలదు, వాడకం తెలియాలి.

కణం పైపొరలో ఉండి హార్మోన్ లాంటి సంకేతాన్ని అందుకునే ప్రొటీనే గ్రాహకం. ఆకుపచ్చ ప్రొటీన్ జన్యువును గ్రాహకం జన్యువుకు అతికిస్తే, బతికున్న కణంలోనే గ్రాహకం ఎటు పోతోందో కనబడుతుంది. హార్మోన్ తగిలాక అది పైపొర వదిలి లోపలికి జారుకుంటే కణం స్పందన తగ్గుతుంది. స్పందన నియంత్రణలో ఇదొక ముఖ్య భాగం.

హైదరాబాద్ సీసీఎంబీలో అమితాభ చటోపాధ్యాయ బృందం సెరొటోనిన్-1ఎ గ్రాహకానికి ఈ ప్రొటీన్‌లో పసుపు రకాన్ని తగిలించింది. పొరలో ఒక చుక్కను లేజర్‌తో ఆర్పి, వెలుగు మళ్లీ నిండే తీరును కొలిచింది. ఆ పద్ధతి పేరు ఫ్రాప్. గ్రాహకం ఉత్తేజితమై, దాని సంకేతాన్ని కణం లోపలికి చేరవేసే జీ-ప్రొటీన్ విడిపోతే పొరలో గ్రాహకం కదలిక పెరుగుతుందని 2004లో చూపింది.

జీ-ప్రొటీన్లకు నోబెల్ 1994లో. వాటితో జతకట్టే గ్రాహకాలకు 2012లో, లెఫ్‌కోవిట్జ్, కోబిల్కాలకు. తికమక పెట్టే ప్రశ్న ఈ రెండు బహుమతుల మధ్యే పుడుతుంది.